అరిగిన అంగుళం

“గురువుగారూ, కంటికి కనబడని తప్పు కూడా తప్పేనా?”

చోడవరం బస్టాండు వెనక వీధిలో వడ్రంగి దుకాణం నడిపే సోమలింగాచారిగారిని ఆయన శిష్యురాలు పైడితల్లి ఒక మధ్యాహ్నం ఈ మాట అడిగింది. ఆచారిగారికి ఒక అలవాటుంది. ప్రశ్నకి మాటతో బదులివ్వరు. ఉలి అడిగినవాళ్ళకి ఉలి ఇచ్చినట్టే, ప్రశ్న అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెడతారు. వాదనకి దిగితే పైడితల్లిని గెలిచినవాడు ఆ వీధిలో లేడు. అందుకే ఆయన వాదించడం మానేశారని కొందరంటారు. ఆవిడ పుట్టకముందు నుంచీ ఆయన తీరే అంతని ఇంకొందరంటారు.

ప్రశ్న ఉత్తినే పుట్టలేదు. దాని వెనక ఒక బీరువా ఉంది. బీరువా వెనక ఒక టేపు ఉంది.

ఆ దుకాణం మొత్తానికి కొలత టేపు ఒక్కటే. మొదటి అంగుళం మీది గీతలన్నీ అరిగిపోయి రేకు తేలింది, కొసన ఉండాల్సిన కొక్కెం ఏనాడో ఊడిపోయింది. కాబట్టి అక్కడ ఎవరు కొలిచినా ఒకటి అంకె దగ్గరి గీతని చెక్క అంచున ఆనించి మొదలెడతారు. ఇరవై అంగుళాల మీద గుర్తు కావాలంటే ఇరవయ్యొకటి దగ్గర పెన్సిలు పెడతారు. “కొత్తది కొనండి గురువుగారూ, పోనీ నేనే తెస్తాను” అని పైడితల్లి మూడేళ్ళుగా పోరుతూనే ఉంది. ఆయన నవ్వి, ఆ పాతదానికే రెండు చుక్కల నూనె రాసి చుట్టేస్తారు.

ఇక బీరువా సంగతి. రిటైరయిన నర్సు తులశమ్మగారు చేయించుకుంటున్నది అది. ఆవిడ తండ్రి అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. నలభై ఏళ్ళు బెల్లం దిమ్మలు మోసిన టేకు బల్ల ఒకటి మిగిలితే, దాన్ని కోసి తలుపులు చెయ్యమన్నారు. రంపం పెట్టినరోజు దుకాణమంతా బెల్లం వాసన. గండుచీమలు గోడ దిగి వరసకట్టి వచ్చాయి. చెడితే అలాంటి చెక్క మళ్ళీ దొరికేది కాదు. పైగా మొదటి గీత నుంచి చివరి పాలిషు దాకా పైడితల్లి ఒంటిచేత్తో చేసిన తొలి పని అది. ఆచారిగారి దగ్గర ఒక కట్టుబాటుంది: శిష్యులు ఒంటరిగా చేసిన పని సొంతదారుకి నచ్చితే, తలుపు లోపలి వైపు తమ పేరు చెక్కుకోవచ్చు. ఆ రోజు నుంచి సొంతంగా పనులు ఒప్పుకోవచ్చు. నచ్చలేదా, మరో ఏడాది ఉప్పుకాగితం రుద్దడమే.

ఎడమ తలుపుకి ఇత్తడి హ్యాండిల్ చక్కగా కుదిరింది. కుడి తలుపు మీద కింది అంచు నుంచి టేపు పరిచిన సమయానికి ఎదురు వడ్రంగి దుకాణం సన్యాసిరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “ఏటి పైడీ, గరిట వదిలీసి ఉలి పట్టీసావు! ఇంటికాడ కూరలో చెక్కపొట్టు పడతాదేమో చూసుకో!” పైడితల్లి టేపు పట్టుకునే తల తిప్పింది. “నీ బల్లలు నాలుక్కాళ్ళ మీద నిలబడ్డ రోజున మాట్లాడుకుందాం బాబూ!” వీధంతా నవ్వింది. మాట గెలిచింది, అంగుళం పోయింది. వెనక్కి తిరిగి ఇరవయ్యొకటికి బదులు ఇరవై దగ్గర గుర్తు పెట్టి, హ్యాండిల్ రెండు పాదాలకీ రెండేసి చొప్పున నాలుగు బెజ్జాలూ వేసేసింది. తలుపులు నిలబెట్టి చూస్తే ఏముంది! కుడి హ్యాండిల్ ఎడమదానికంటే అంగుళం కిందకి దిగి, ఒక కన్ను మూతపడ్డ మొహంలా ఉంది బీరువా.

హ్యాండిల్ అంగుళం పైకి జరిపితే, దాని రెండు పాదాల కిందా పాత బెజ్జం చెరొకటి బయటపడుతుంది. మిగతా రెండూ పాదాల చాటుకే వెళ్తాయి గానీ, కొత్త స్క్రూ ఒక్కొక్కటి వాటి అంచు కొరుక్కుంటూ కూర్చోవాలి. వెళ్ళి గురువుగారికి చెప్పొచ్చు. కానీ సన్యాసిరావు తప్పు చేస్తే అది సన్యాసిరావు తప్పు. పైడితల్లి తప్పు చేస్తే మాత్రం ఆడజాతి మొత్తం తప్పు! ఆ లెక్క ఎవరు రాశారో గానీ, వీధిలో అందరికీ కంఠస్థమే. అందుకని టేకు పొడి కలిపిన లప్పం నాలుగు బెజ్జాల్లోనూ కూరింది, ఆరాక రుద్దింది, రంగు అద్దింది, హ్యాండిల్ పైకి జరిపి బిగించింది. దేవుడు దిగొచ్చి చూసినా పట్టుకోలేడు. పట్టుకోలేడని తెలిసినా గుండె దడ తగ్గలేదు. తులశమ్మగారు మర్నాడు పొద్దున్నే వస్తారు.

ఆ దడతోనే అడిగింది, కనబడని తప్పు తప్పేనా అని.

ఆచారిగారు బీరువా వైపు కూడా చూడలేదు. అప్పుడే వచ్చిన టీ గ్లాసు అందుకుని, “నేనిది తాగేదాకా ఆ కుడి తలుపు తీసి వెయ్యమ్మా” అన్నారు.

పైడితల్లి తీసింది, వేసింది. ఇదేం పరీక్షని లోపల గొణుక్కుంటూ మళ్ళీ తీసింది. ఆయన టీ ఊదుకుంటూ తాగుతున్నారు, తొందరేమీ లేదు. ఇరవై సార్లయింది. ఇరవై అయిదోసారి హ్యాండిల్ కాస్త ఊగినట్టనిపించి మెల్లిగా లాగింది. “అలా కాదు. ఆవిడ ఇంట్లో లాగినట్టు లాగు” అన్నారాయన. ముప్పయ్యొకటోసారి హ్యాండిల్ ఊడి చేతిలోకి వచ్చేసింది. స్క్రూల వెంట లప్పం పిండిపిండిగా రాలి ఆవిడ కాళ్ళ మీద పడింది.

పైడితల్లి తిట్లకి సిద్ధపడి నిలబడింది. జవాబులు కూడా నాలుగు సిద్ధం చేసుకుంది, అలవాటు కొద్దీ. ఆచారిగారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

“నీ చేతిలోకే వచ్చిందిగా” అన్నారు. అంతే.

సిద్ధం చేసుకున్న నాలుగు జవాబులూ పక్కన పడేసి, అక్కడే పీట మీద కూలబడి, ఇరవయ్యొకటికి బదులు ఇరవై ఎలా పెట్టిందో మొత్తం చెప్పేసింది. ఆయన విని, అటక వైపు చెయ్యి చూపించారు.

అటక మీద చిన్న చిన్న గుడ్డ మూటలు. ఊళ్ళో మిగతా దుకాణాల్లో కోతకి మిగిలిన ముక్కలు పొయ్యిలోకి పోతాయి. ఇక్కడ మాత్రం ఏ పని ముక్కలు ఆ పనివే, మూటగట్టి, సొంతదారు పేరు రాసి దాస్తారు. “గురువుగారి కట్టెలమోపు” అని దాన్ని వెక్కిరించినవాళ్ళలో పైడితల్లే ముందు. తులశమ్మ అని రాసిన మూట ఆవిడే దింపింది. విప్పగానే బెల్లం వాసన.

అందులోంచి ఒక ముక్క తీసి చీల్చి, ఆచారిగారు చెప్పినట్టు నాలుగు సన్నటి చీలలు చెక్కింది. బెజ్జాల్లో లప్పం చుక్క మిగలకుండా గీకేసింది. చీల మీది చారలు తలుపు మీది చారలతో కలిసేదాకా తిప్పి చూసుకుని, జిగురు రాసి, సుత్తితో ముద్దుగా కొట్టింది. రాత్రంతా ఆరనిచ్చి, తెల్లవారాక నునుపు చేసి, టేపుని ఒకటికి మూడుసార్లు చూసుకుని హ్యాండిల్ బిగించింది. కొత్త స్క్రూ పాత బెజ్జం అంచున కూడా కిర్రుమంటూ పట్టింది. ఎవరూ చెప్పకుండానే అరవైసార్లు తీసి వేసింది. కదిలితే ఒట్టు.

తులశమ్మగారు వచ్చారు. బీరువా చుట్టూ తిరిగారు, తలుపు మీద చెంప ఆనించి వాసన చూశారు, మురిసిపోయారు. హ్యాండిల్ పాదాల కింద కందిబద్దంత గుండ్రాలు రెండు, తెలిసినవాళ్ళకే తెలిసేలా ఉన్నాయి. ఆవిడ చూడలేదు. ఆచారిగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఎదురుగా సన్యాసిరావు పళ్ళు తోముకుంటూ చెవులు ఇటే పెట్టాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే అంతా సుఖమే. ఎన్ని వాదాలైనా గెలిచిన ఆ నోటికి ఆ ఒక్క మాటా ఎంత బరువైందో!

“అమ్మా, ఇక్కడ చూడండి. కొలత తప్పి బెజ్జాలు వేశాను. మీ నాన్నగారి బల్ల ముక్కతోనే పూడ్చాను. గట్టిగానే ఉంది, కానీ మచ్చ మిగిలింది. తప్పు నాది.”

ఎదుటి గుమ్మంలో ఇకిలింపు వినబడింది. తులశమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, ఆ గుండ్రాల మీద బొటనవేలు ఆడించారు. హ్యాండిల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. తలుపు వచ్చింది గానీ హ్యాండిల్ రాలేదు.

“అక్కడ నవ్వుతున్నాడే, ఆడు నా చేతుల్లోనే పుట్టాడమ్మా” అన్నారు గట్టిగా. “ఈపు మీద చింతపిక్కంత మచ్చతో పుట్టాడు. ఆళ్ళమ్మ వెనక్కి ఇచ్చీసిందేటి? మచ్చ ఎక్కడుందో చెప్పినావు, ఇక నాకు బెంగలేదు. పేరు చెక్కుకో.”

సన్యాసిరావు నురగ ఉమ్మడానికి పెరట్లోకి పోయాడు. పైడితల్లి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని ఉలి అందుకుంది. తలుపు లోపలి వైపు, సరిగ్గా ఆ చీలల వెనకే, తన పేరు చెక్కుకుంది.

బీరువా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. దుకాణం ఊడ్చేటప్పుడు, మిగిలిన బెల్లం చెక్క ముక్కల్ని ఆచారిగారు మళ్ళీ మూటగట్టి తనకి అందించడం చూసి పైడితల్లికి ఆశ్చర్యమేసింది.

“పని అయిపోయింది కదా గురువుగారూ, ఇంకా అటకెందుకు?”

ఆయన టేపు తీసి, రెండు చుక్కల నూనె రాసి, చుడుతూ అన్నారు:

“రేపు కొలిచేది కూడా ఈ టేపుతోనే కదమ్మా.”