నీలం చీర పీలికలు

వాగొడ్డుపాలెంలో నఫ్తాలి అనే సంఘపెద్ద ఉండేవాడు. దేవుడి మాట చెప్పడంలో ఆయన నోటికి ఎదురు లేదు, ఆ మాట ప్రకారం నడవమంటే మాత్రం కాళ్లు కదిలేవి కావు.

ఆ ఊళ్లో ఓ ముప్పై కుటుంబాలవాళ్లు యేషువా, అంటే యేసే, దేవుడు పంపుతానన్న మెస్సీయ అని నమ్మి, ఇశ్రాయేలీయుల పండుగలు కూడా ఆచరించేవారు. అన్నిటిలోకీ వాళ్లకు ఇష్టమైనది పర్ణశాలల పండుగ. పంట ఇంటికి చేరే రోజుల్లో మందిరం పక్కన ఆకుల పందిరి వేసి, వారం పాటు అందులోనే కూర్చుని భోంచేసేవారు. అరణ్యంలో నలభై ఏళ్లు గుడారాల్లో బతికిన జనాన్ని దేవుడు కాపాడాడని తలుచుకునేవారు. మెస్సీయ కూడా మన మధ్యకు పరాయివాడిలా వచ్చి, గుడారం వేసుకుని కాపురమున్నాడని పాడుకునేవారు. అందుకే అక్కడ ఒక ఆచారం ఉండేది. మొదటి విస్తరి పరాయి ఊరివాళ్లకు పెట్టాలి. వాళ్లు ముద్ద నోట్లో పెట్టుకున్నాకే సంఘం తినాలి.

ఆ ఏడు పండుగకు పట్నం నుంచి అతిథులు వస్తున్నారని కబురొచ్చింది. ఇంకేముంది, నఫ్తాలికి కాలు నిలవలేదు.

"ఎప్పుడూ వేసే పిచ్చుకగూడు కాదు, వందమంది కూర్చునే పందిరి వెయ్యాలి" అన్నాడు.

పందిరికి తాటాకు కావాలి. కాలవగట్టు మీది తాడిచెట్లన్నీ రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. మిగిలినవి నఫ్తాలి చేను గట్టు మీది ఆరు చెట్లే. వాటి ఆకు అప్పటికే కొట్టేశారు.

కొట్టినవాళ్లు కర్నూలు వైపు నుంచి పత్తి తీయడానికి వచ్చిన కూలీలు. ఉరుకుందమ్మ, ఆమె కూతురు, అల్లుడు, ఇంకో రెండు జంటలు. "నా చేలోనే గుడిసెలు వేసుకోండి, ఆకు నేనిస్తాను" అని వాళ్లను పిలిపించింది నఫ్తాలే. వాళ్లు చేను చివర రెండు గుడిసెలు వేసుకున్నారు. కట్టడానికి నార చాలకపోతే ఉరుకుందమ్మ తన పాత నీలం చీర చింపి, ఆ పీలికలతో కప్పు బిగించింది. ఆ గుడిసెలోనే కూతురికి కాన్పయింది. బిడ్డకు ఇరవై రోజులు.

పండుగ నాటి ఉదయం నఫ్తాలి నలుగురు మనుషులతో, ట్రాక్టరుతో చేలో దిగాడు. "ఆకు విప్పండి" అన్నాడు.

ఉరుకుందమ్మ అడ్డం నిలబడింది. "ఇదేంది సామీ? వానొచ్చేటట్లుంది. పసిబిడ్డను యాడ పెట్టుకోవల్ల?"

"చెట్లు నావి, ఆకూ నాదే. పండుగ కాగానే తెచ్చి పడేస్తాను. అందాకా ఎరువుల సంచులు కప్పుకోండి. దేవుడి పనికి అడ్డం రాకు" అన్నాడు నఫ్తాలి.

దేవుడి పనట! నోరు పడిపోకుండా ఆ మాట ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆకు విప్పిన నలుగురికీ నోళ్లున్నాయి, ఒక్కడూ విప్పలేదు. వాళ్ల మీదా నాకు కోపమే.

పొద్దు వాలేవేళకు పందిరి సిద్ధమైంది. పట్నం అతిథులు దాని కింద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. నఫ్తాలి లేచి దేవుడి వర్తమానం చెప్పడం మొదలుపెట్టాడు.

"మనమూ ఒకనాడు గుడారాల్లో ఉన్నవాళ్లమే! గుడారంలో ఉన్నవాణ్ణి దేవుడు చెయ్యి విడవడు!" అని గొంతెత్తాడు. అందరూ ఆమేన్ అన్నారు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

నఫ్తాలి తల్లి లేయమ్మకు ఎనభై ఏళ్లు. మొదటి విస్తరి పట్టుకెళ్లేది ఏటా ఆవిడే. చినుకు మీద పడి ఆవిడ తలెత్తి చూసింది. ఆకుల మధ్య నీలం పీలిక ఒకటి వేలాడుతోంది. కాస్త పక్కన ఇంకొకటి. వారం కిందట బాలింతకు మిరియాల చారు తీసుకెళ్లినప్పుడు ఆ ముడులు ఆవిడ చూసింది.

"ఒరే నఫ్తాలీ, ఈ ఆకెక్కడిదిరా?"

వర్తమానం ఆగిపోయింది. "మన ఆకేలేమ్మా. కూర్చో" అన్నాడు.

"బాలింత ఎక్కడుంది?"

"ఏ బాలింత?"

లేయమ్మ వంటల దగ్గరకు వెళ్లింది. మొదటి విస్తరిలో అన్నం వడ్డించుకుని, కొంగు కప్పి, కర్ర పట్టుకుని వానలోకి నడిచింది. ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి తీసుకుని వెనక పరుగెత్తారు.

చేను చివర ఉత్త గుంజలు నిలబడి ఉన్నాయి. కూలీలందరూ రోడ్డు మీద బస్ షెల్టరులో ముడుచుకుని కూర్చున్నారు. ఉరుకుందమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది. బిడ్డ ఒళ్లు చల్లబడి ఏడవడం కూడా మానేసింది. లేయమ్మ గబగబా పొడి దుప్పటి చుట్టి, బిడ్డ అరికాళ్లు రుద్దింది. తర్వాత విస్తరి ముందు పెట్టింది.

ఉరుకుందమ్మ దాన్ని తాకలేదు. "మా కొంప పీక్కపోయి, దాని కింద కుచ్చోని తినే కూడు మాకొద్దమ్మా. నీ మీద కోపం ల్యాదు. అయినా వద్దు."

"అయితే నేనూ తినను" అంది లేయమ్మ. అక్కడే చతికిలబడింది.

మొదటి విస్తరి ముట్టనిదే సంఘం తినకూడదు. పందిట్లో వందమంది ముందు అన్నం చల్లారిపోతోంది. నఫ్తాలి గొడుగు వేసుకుని పరుగున వచ్చాడు.

"అమ్మా, పెద్దవాళ్ల ముందు నా పరువు తీస్తున్నావు. లే!"

"పరువా?" అంది లేయమ్మ. ఆ గొంతు విని షెల్టరులో అందరూ ఉలిక్కిపడ్డారు. "నువ్వు పుట్టిందెక్కడో మరిచావా? మినుము పీకడానికి పోయిన ఊళ్లో, ఇలాంటి గుడిసెలోనే. గాలివానకు కప్పు లేచిపోతే ఆ చేను కామందు వచ్చి నిన్నూ నన్నూ తన వసారాలో పడుకోబెట్టాడు. ఆయనకు మన పండుగా తెలియదు, మెస్సీయా తెలియడు. అయినా నిన్ను తడవనివ్వలేదు. మెస్సీయ గుడారం వేసుకుని మన మధ్యకు వచ్చాడని ఇందాక అరిచావే! వచ్చాడ్రా. నీ చేను చివరే వేసుకున్నాడు. నువ్వు ట్రాక్టరు తెచ్చి పీకించావు."

నఫ్తాలి తల దించుకుని పందిరి దగ్గరకు వెళ్లాడు. దుప్పటి తెచ్చిన ఆడవాళ్లలో ఒకావిడ ముందే పరుగున వచ్చి సంగతి చెప్పడంతో, అప్పటికే జనం పందిరెక్కి ఆకు దించుతున్నారు. ఆయన ఆజ్ఞ కోసం ఎవరూ ఆగలేదు. పొద్దున నోరెత్తని నలుగురూ అందరికంటే ముందున్నారు. నఫ్తాలి కూడా ఒక మోపు నెత్తికెత్తుకున్నాడు.

రెండో గుడిసె సంఘంవాళ్లు కప్పారు. బాలింత గుడిసె దగ్గర మాత్రం ఉరుకుందమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవురూ ఎక్కొద్దు. దీన్ని పీకించినోడే కప్పల్ల."

పంచె ఎగగట్టి నఫ్తాలి పైకెక్కాడు. తాటాకు అంచులు అరచేతులు కోశాయి. కింద నుంచి ఆమె కసిరింది. "ఆ ముడి గాదు సామీ, గాలికి ఊడుతుంది. ఇప్పు. మళ్ళ కట్టు." మూడుసార్లు విప్పించింది. విప్పించాల్సిందే.

చీకటి పడ్డాక వాన వెలిసింది, గుడిసెలో పొయ్యి వెలిగింది. వెచ్చదనం తగిలిన బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక ఉరుకుందమ్మ విస్తరి దగ్గరకు లాక్కుని ముద్ద కలిపింది. అప్పుడు సంఘం భోజనానికి కూర్చుంది. నెత్తిన ఆకు లేదు, ఉత్త గుంజలూ ఆకాశమూ ఉన్నాయి. ఆ వారమంతా నఫ్తాలి వర్తమానం చెప్పలేదు. రోజూ మొదటి విస్తరి ఆయనే మోసుకెళ్లాడు.

గుర్తుపెట్టుకోండి పిల్లలూ: నిలువ నీడ లేనివాడి నీడ లాక్కుని దేవుడికి పందిరి వేస్తే, దేవుడు ఆ పందిట్లో అడుగు పెట్టడు, వానలో తడిసేవాడి పక్కకే వెళ్లి కూర్చుంటాడు.