పదో వంతుకు అందని గిన్నెలు

అనగా అనగా కుంచెడు నువ్వులు. పైడిమెట్టలో చిట్టెన అనే పడుచువాడికి ఉన్న ఆస్తి అంతా అదే. ఆ కుంచెడు గానుగాడిస్తే నూనె. నూనె అమ్మితే రెండు కుంచాల నువ్వులు. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది... నువ్వుల సంచి భుజాన వేసుకుని వీధిలో నడుస్తూనే మనసులో పెద్ద గానుగశాల కట్టేశాడు వాడు.

దారిలో రాణిగారి ధాన్యపు కొఠారు ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో కొఠారు చూసుకునే అక్కమ్మ తల దించుకుని నిలబడింది.

సంగతి ఇదీ. ఊళ్లో నూట అరవై ఇళ్లు. పంట రాగానే ప్రతి ఇల్లూ కుంచంలో పదో వంతు నువ్వులు కొఠారుకు కొలవాలి. మొత్తం పదహారు కుంచాలు కావాలి. ఉన్నవి పదిహేను!

"తక్కిన కుంచం అక్కమ్మ ఇంటికి నడిచింది" అన్నాడు మంత్రి. పొద్దు వాలేలోగా లెక్క తేలకపోతే అక్కమ్మ ఊరు విడిచి పోవాలని అక్కడే కూర్చున్న రాణి ముక్తాంబ తీర్పు చెప్పింది.

జనాన్ని తోసుకుని దగ్గరికొచ్చిన చిట్టెన సంచిని అక్కమ్మ చూసింది. "నాయనా, అందులో ఎంతుంది?" అని గుసగుసలాడింది.

"కుంచెడు, పెద్దమ్మా."

"నాకిచ్చెయ్యి. వచ్చే పంటకు రెండు కుంచాలిస్తాను."

గానుగ తిప్పకుండానే ఒకటి రెండయ్యే బేరం! చిట్టెన మనసు ఒక్క క్షణం ఊగింది. కానీ లెక్క అంటే వాడికి ప్రాణం.

"ఈ ఏడు నేను పూడుస్తాను. వచ్చే ఏడు మళ్లీ తగ్గితే? పెద్దమ్మా, నిజం చెప్పు. తీశావా?"

"నా పిల్లల మీద ఒట్టు. ఒక్క గింజ ముట్టలేదు."

"అయితే దేంతో కొలిచావో చూపించు."

ఆమె గిన్నెల వరస చూపించింది. కుంచం, అందులో సగం, ఆ సగంలో సగం... అలా దిగి దిగి వీసం, చివరికి అరవీసం. పదహారు వీసాలైతే కుంచం.

"పదో వంతుకు ఇందులో గిన్నె లేదు. వీసమున్నర అని తాతల నాటి నుంచి కొలుస్తున్నాం. అప్పుడు ఊరు ఇరవై ఇళ్లే. రెండు వీసాలు తగ్గితే ఎలుకల మీద తోసేసేవాళ్లం."

చిట్టెన కళ్లు మెరిశాయి. గొంతెత్తి అరిచాడు. "అమ్మగారూ! దొంగలు దొరికారు! ఇదిగో, ఈ గిన్నెలే!"

మంత్రి పకపకా నవ్వాడు. "గిన్నెలు నువ్వులు తిన్నాయటయ్యా! ఇక చెంబులు బెల్లం తింటాయి కాబోలు!"

"నా మాట తప్పయితే ఈ కుంచెడు నువ్వులూ కొఠారువే" అన్నాడు చిట్టెన.

అందరి ముందూ తన నువ్వులు కుంచంలో పోసి, అందులోంచి వీసమున్నర చొప్పున పదిసార్లు తీశాడు. కుంచం ఖాళీ కావాలి. కాలేదు. అడుగున మిగిలినవి తీసి వీసం గిన్నెలో పోస్తే నిండుగా సరిపోయాయి.

"పది ఇళ్లకు ఒక వీసం జారిపోతోంది, తల్లీ. నూట అరవై ఇళ్లకు పదహారు వీసాలు, అంటే కుంచెడు. అది అక్కమ్మ ఇంట్లో లేదు. అందరి ఇళ్లలోనూ కొంచెం కొంచెంగా ఉంది."

రాణి ఆశ్చర్యపోయింది. "అయితే అక్కమ్మ తప్పేమీ లేదు. మరి దీనికి దారేమిటి?"

మంత్రి ముందుకొచ్చాడు. "కుంచానికి తక్కువైనది లెక్కలోకే తీసుకోవద్దు."

"అప్పుడు ఒక్క ఇల్లూ ఒక్క గింజా ఇవ్వనట్టే కదా అయ్యా!" అంది అక్కమ్మ. జనం గొల్లుమన్నారు.

షావుకారు కొమ్మిశెట్టి లేచాడు. "అరవీసంలో సగం గిన్నె చేయిద్దాం. అందులో సగం, మళ్లీ అందులో సగం." కంసాలి చేశాడు. ఒక గిన్నె కలిపితే మించింది, దాన్ని తీసేస్తే తగ్గింది. ఎంత చిన్న గిన్నె చేసినా పదో వంతు దగ్గరికి వచ్చిందే గాని చేతికి చిక్కలేదు.

మూడో ఉపాయంతో చిట్టెన లేచాడు. సరిగ్గా కుంచెడు పట్టే తిన్నని వెదురు గొట్టం తెచ్చాడు. దాని ఎత్తును పది సమభాగాలు చేసి గీతలు పెట్టాడు. ఒక గీత మేరకు అంతే లావున్న మరో గొట్టం కోశాడు.

"ఇదీ పదో వంతు!"

దానితో పదిసార్లు కొలిచి కుంచంలో పోశాడు. కుంచం అంచుకు అంచు నిండింది. ఒక్క గింజ తరగలేదు, ఒక్క గింజ మిగల్లేదు. అక్కమ్మ కళ్లు తుడుచుకుని తల ఎత్తింది. చిట్టెన ఛాతీ ఆ గొట్టం కంటే నిటారుగా నిలిచింది.

"అయితే పాత గిన్నెలు పారేయమంటావా?" అడిగింది రాణి.

"వద్దు తల్లీ! సగం, పావు కొలవడానికి అవే నయం. వరదకు ఏరు ఎంత పెరిగిందో, కొండ ఎంత ఎత్తుందో అంచనా కట్టడానికి సగాల లెక్క చాలు. ఇల్లిల్లూ పదో వంతు ఇవ్వాలన్నప్పుడు మాత్రం పదుల కొలతే ఉండాలి."

రాణి నవ్వింది. "మా వైద్యశాలలో మందు వందో వంతుల్లో కలుపుతారు. అక్కడ ఏం చేస్తావు?"

"పదో వంతులో మళ్లీ పది గీతలు, తల్లీ!"

చిట్టెన తన కుంచెడు నువ్వులూ భుజానికెత్తుకున్నాడు. గానుగ రేపటికి ఆగుతుంది. సన్నని వెదురొకటి చేత పట్టి, వైద్యశాల దారి పట్టాడు.

కాబట్టి పిల్లలూ, వంతు ఎంతో తెలిస్తే చాలదు. ఆ వంతును ఉన్నదున్నట్టు పట్టే కొలతను ముందే ఎంచుకోవాలి.