తండ్రి పాతిన గుంజలు

పరదేశయ్య గురువుగారిని కూర్చోబెట్టి ప్రశ్న అడిగితే జవాబు రాదు. అడగదలుచుకున్నవాడు పొద్దున్నే ఆయన వెంటపడి ఏటిగట్టున మొగ దాకా నడవాలి. మొగ అంటే మా ఏరు సముద్రంలో కలిసే చోటు. ఇప్పుడక్కడ నడక దారులని పేరు పెట్టి చెక్క వంతెనలు వేశారు, చెట్లకు రంగు బాణాలు గీశారు, సెలవు రోజుల్లో పట్నంవాళ్ళు బూట్లు తొడుక్కుని వస్తున్నారు. మేం నడిచిన రోజుల్లో ఉన్నవల్లా సరుగుడు తోపు, ఇసుక, బురద, ముందు ఆయన వీపు. ముసలాయనే గానీ ఆ నడక అందుకోవడం మావల్ల అయ్యేది కాదు. వెనకపడ్డవాడికి జవాబు సగమే వినిపించేది. ఆ సగంతోనే కొందరు గురువులైపోయారు, అది వేరే సంగతి.

ఆ రోజు అడిగినవాడు నీలాద్రి. ఆశ్రమంలో వంటా, వచ్చేపోయేవాళ్ళ బాగోగులూ అతనే చూసుకునేవాడు. మంచివాడే కానీ మరీ మెత్తన. ఏకాదశి నాడు గడప లోపల ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టకూడదని మా పెద్దగురువు, అంటే పరదేశయ్యగారికి గురువు, ఒక నియమం పెట్టి వెళ్ళారు. ఆయన కాలంలో అక్కడున్నది రాళ్ళు తిని అరిగించుకునే కుర్రాళ్ళు. ఇప్పుడొచ్చేవాళ్ళు చక్కెర జబ్బు మాత్రలు సంచీలో పెట్టుకుని వస్తున్నారు. మొన్నటి ఏకాదశికి ఒక ముసలావిడ వరండాలో కళ్ళు తిరిగి పడిపోయింది కూడా.

"ఆ నియమం ఉంచితే మనుషులు పడిపోతున్నారండీ" అన్నాడు నీలాద్రి. "తీసేద్దామంటే పెద్దగురువునే గడప దాటించినట్టుంది. నాకు చెయ్యి రావడం లేదు. ఏం చెయ్యమంటారు?"

ఏదో శాస్త్రవాక్యం వస్తుందనుకున్నాను. గురువుగారు నడక కాస్త తగ్గించి, ఎదురుగా ఉన్న బురద మేట వైపు చూస్తూ, "ఇక్కడ దానయ్య అని ఒకడుండేవాడు" అన్నారు. మిగతాది నా మాటల్లో చెబుతాను. ఆయనలా పొదుపుగా చెప్పడం నాకు చేతకాదు.

ఒడ్డున ఉన్న పల్లెకూ సముద్రపు ఇసుకతిన్నెకూ మధ్య ఆ బురద మేట అడ్డం. పాటులో నీళ్ళు లాగేసినప్పుడు దాని మీదుగా నడిచి వెళ్ళొచ్చు, పోటు తిరిగేలోపు వచ్చెయ్యాలి. అయితే అడుగు ఎక్కడ పెట్టాలో తెలియాలి. ఒకచోట నేల గచ్చులా ఉంటుంది, పక్కనే ఊబి. పైకి చూస్తే రెండూ ఒకటే నలుపు. అందుకని పల్లెలో ఒక ఇంటివాళ్ళు గట్టినేల వెంబడి సరుగుడు గుంజలు దగ్గర దగ్గరగా పాతేవాళ్ళు, తక్కిన జనం గుంజ గుంజా పట్టుకుని నడిచేవాళ్ళు. వానాకాలం వరద వచ్చిపోయాక మొగ నిరుడున్నట్టు ఉండదు. కాబట్టి ఏటా పాత గుంజలు పీకేసి, కాలితో నేల తడిమి చూసుకుని, కొత్తవి పాతాలి. ముందు పీకడం, ఆ తర్వాతే పాతడం. ఇది వాళ్ళ కట్టుబాటు. నిలబడి ఉన్న గుంజ అంటే ఈ యేటి గుంజే.

ఆ పని చాలాకాలం చేసినవాడు దానయ్య తండ్రి పోలయ్య. ఆయన గుంజ నమ్ముకుని నడిచినవాడెవడికీ మడమ కూడా దిగబడలేదని చెప్పుకునేవారు. ఒక ఆషాఢంలో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. పల్లె ఆడవాళ్ళు వెళ్ళి, ఆయన పాతిన గుంజలకే, నీళ్ళందనంత పైన, దళసరిగా పసుపు రాసి, బొట్లు పెట్టి, ఏడ్చి వచ్చారు.

వరద తగ్గాక పని దానయ్య మీద పడింది. కుర్రాడు తెలివైనవాడే. నేల తడిమి చూస్తే సగం దూరం నుంచి దారి తూర్పుకి జరిగిపోయి ఉంది. తండ్రి గుంజలు పోయే వైపంతా ఊబి. పీకే పని వెనక్కి నెట్టి, ముందు కొత్త గుంజలు సరైన చోట పాతాడు. పాతవి పీకబోయాడు. మొదటి గుంజ మీద చెయ్యి వేస్తే పసుపు చేతికంటింది. అంతే, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఉన్న గుర్తు అదొక్కటే, అదీ పీకేస్తే అయ్య ఇంకెక్కడున్నాడు? కొత్త కర్ర తెల్లగా తెలుస్తూనే ఉందిగా, కళ్ళున్నవాళ్ళు చూసుకోరా అని తనకు తనే సర్దిచెప్పుకుని ఇంటికెళ్ళాడు. పీకనేలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మాఘ పౌర్ణమి సముద్ర స్నానానికి పల్లె పల్లెంతా బయలుదేరింది. దానయ్య ముందు నడిచాడు, అందరూ అతని వెనకే వెళ్ళారు. తల్లి కొర్లమ్మ మాత్రం పోలయ్య పేరు మీద నీళ్ళలో వదలడానికి బూరెలు వండుకుని ఆలస్యంగా, ఒక్కర్తే వచ్చింది. వరద తగ్గాక మేట మీదికి ఆమె రావడం అదే మొదలు. సగం దారిలో, చీలిక దగ్గర ఆమెకు రెండు వరసలు కనిపించాయి. ఒకటి కొత్త కర్ర. రెండోది మొగుడి చేతి గుంజలు, తను పసుపు రాసినవే. నిలబడి ఉన్నాయంటే నేల బాగుందనేగా? కొత్త వరస పీతలకు వెళ్ళేవాళ్ళ కోసం వేసుంటాడు కొడుకు అనుకుంది. మొగుడి గుంజలు ఒక్కొక్కటీ నిమురుకుంటూ నడిచింది.

స్నానం చేసి తిరిగొస్తున్న దానయ్య దూరం నుంచి చూశాడు. "అమ్మా! అటెల్లకే! ఆగిపో!"

"ఏటిరా ఆ కేకలు? మీ అయ్య గుంజలే కదా!" అంటూ ఇంకో అడుగు వేసింది. మోకాలు దాకా దిగిపోయింది. కాలు లాక్కోబోతే నడుము దాకా దిగింది.

అప్పటికే పోటు తిరిగింది. పల్చగా నీళ్ళు బురద మీద పాకుతూ వస్తున్నాయి. తాడు లేదు, పడవ తెచ్చే వ్యవధి లేదు. దానయ్య చీలిక దాకా పరుగెత్తి తండ్రి మొదటి గుంజను రెండు చేతులా పట్టుకుని పెరికాడు. దాన్ని ఊబి మీద అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద బోర్లా పడి, తర్వాతది పెరికాడు. వెనకున్నవాళ్ళు ఒక్క క్షణం బిగుసుకుపోయారు. "ఒరే, పసుపెట్టిన గుంజలురా!" అని ఎవరో అన్నారు కూడా. అతను వినిపించుకోలేదు. పెరుకుతూ, పరుస్తూ, వాటి మీదే పాకుతూ తల్లి దగ్గరికి చేరాడు. ఆఖరి గుంజ ఆమె చంకల కిందికి తోసి, "ఎక్కమ్మా!" అన్నాడు.

"మీ అయ్య గుంజ తొక్కమంటావేట్రా?"

"తొక్కమ్మా! తొక్కు!" అని అరుస్తూ ఏడ్చేశాడు.

ఆమె ఎక్కింది. పరిచిన గుంజల మీద తల్లీకొడుకులు ఒకరి వెనక ఒకరు పాక్కుంటూ బయటపడ్డారు. గుంజలు వాళ్ళ బరువుకి బురదలోకి కూరుకుపోయాయి, పైన నీళ్ళు కమ్మేశాయి. బూరెల గంప ఎటో కొట్టుకుపోయింది.

గట్టినేల మీద ఊపిరి తిరిగాక కొర్లమ్మ చేసిన మొదటి పని కొడుకు చెంప పగలగొట్టడం. "అయ్య గుంజలు పీకేసేనని కొట్నావా?" అన్నాడు దానయ్య, చెంప పట్టుకుని.

"ముందే పీకనందుకురా! నిలబడుంటే దారే అనుకున్నాను. నువ్వు పీకనేదని నాకేటి తెలుస్తాది?" కొడుకు మొహం మీది బురద కొంగుతో తుడిచింది. "మీ తాత పోయిన యేడు మీ అయ్యకీ ఇదే పని పడ్డాదిరా. ఏడ్సినాడు. ఏడుస్తానే పీకినాడు" అని కొడుకుని దగ్గరికి లాక్కుంది.

గురువుగారు అక్కడితో ఆపేశారు. ఆయన చెప్పేటప్పుడు గొంతులో ఏ మార్పూ లేదు, చేపల ధర చెబుతున్నట్టే చెప్పారు. నాకు మాత్రం కళ్ళు మండాయి. ఉప్పుగాలి అనుకుని ఊరుకున్నాను.

నీలాద్రి అడుగులు పెద్దవి చేసి గురువుగారి పక్కకి చేరాడు. "అయితే పోలయ్య గుర్తుగా ఒక్క గుంజ కూడా మిగల్లేదాండీ?" అన్నాడు.

"ఆయన పెళ్ళాం మిగిలింది" అన్నారు గురువుగారు.

అప్పుడు ఆగి వెనక్కి తిరిగారు. నడకలో ఆయన అలా ఆగడం నేను చూసింది అదొక్కసారే. నీలాద్రి భుజం మీద చెయ్యి వేసి అన్నారు:

"నేనూ కొన్ని పాతాను నాయనా. వాటిని పీకే వేళకి నీకు ఏడుపొస్తే ఏడువు. చెయ్యి మాత్రం ఆపకు."