గోడపై లక్కముద్ర

పూర్వం ఒక నగరంలో, పడవల రేవుకు కూతవేటు దూరంలో, మూడంతస్తుల పాతమేడ ఒకటి ఉండేది. దాని యజమాని నగరాధికారి ఉద్దండయ్య. చాపలల్లి ఆవలి ఒడ్డున అమ్ముకునే సూరాంబ, చూపులేని అత్తగారితో అందులో ఒక వాటా అద్దెకు తీసుకోదలచింది. గత వర్షాకాలంలో పాత ఇల్లు కూలి ఆమె భర్త మరణించాడు. అందువలన ఆమె గోడలన్నీ తడిమి చూసి, మెట్ల ప్రక్కనున్న పగులు దగ్గర ఆగిపోయింది.

“అది మా తాతగారి నాటి పగులు. ఇక పెరగదు” అని ఉద్దండయ్య కసిరాడు. “రేవుకింత దగ్గరగా నీకు మరొక ఇల్లు దొరుకుతుందా?”

“తమ ముద్ర పడినదానిని ఊరిలో ఎవరూ కదల్చరు కదా, దొరా! ఆ పగులుకు అడ్డంగా లక్కముద్ర వేయించండి. మూడు రోజులకు వస్తాను.”

“నా ముద్రంటే గోడకైనా భయమే!” అని నవ్వుతూ అతడు ముద్ర వేయించాడు.

మూడు రోజులూ ముసురు పట్టింది. సూరాంబ వచ్చేసరికి ముద్ర నడిమికి చీలి ఉంది.

“ఎవడురా దీనిని తాకినది?” అని అధికారి గర్జించాడు. అద్దెకున్నవారందరూ మెట్లపై మూగారు.

“ఈ గోడే, దొరా” అన్నది సూరాంబ. “తమ ముద్రనే లెక్కచేయని ఇల్లు మా ప్రాణాలను లెక్కచేస్తుందా?”

అద్దెవారు తమ కుండలు క్రిందికి దింపసాగారు. సూరాంబ వీధి వాకిట కూర్చోబెట్టిన అత్తగారి చేయి పట్టుకొని వానలోకి నడిచింది.

“ఇల్లు కుదిరిందా, అమ్మా?”

“లేదత్తా. ఇవాళ్టికి ఆకాశమే కప్పు. అది మాత్రం కూలదు.”