దారి మళ్లిన శంఖిని

అనగా అనగా తామ్రపురికి ఒక రాజు. ఆ రాజుకి ఒక్కగానొక్క కొడుకు, పేరు చిత్రబాహుడు. కాలు ఒకచోట నిలవని మనిషి. కోట తలుపుల గడియలు తనే వేయాలి, గుర్రానికి దాణా తనే పెట్టాలి. ఇంకొకరు చేస్తే ప్రాణం ఊరుకునేది కాదు.

ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. వరద తీసేసరికి, కోటని ఒరుసుకుని పారే శంఖిని నది మూడామడల అవతలికి వెళ్లిపోయింది. కోట కింద ఇసుకే మిగిలింది.

"ఏరు పోయిన చోటికే మనమూ పోదాం నాయనా" అన్నాడు రాజు.

"ఊరు వదలడమా! ఏరునే వెనక్కి తెస్తాను" అన్నాడు చిత్రబాహుడు.

ఒక కట్ట కట్టించాడు, తెగింది. రెండో కట్ట కట్టించాడు, తెగింది. మూడోది తెగినప్పుడు కూలివాళ్లు చావు తప్పి ఒడ్డున పడ్డారు. అంతలో ఎవరో చెప్పారు: ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడున్నాడు, వాడి ప్రాణం చిలకలో ఉంది, ఆ చిలకని పట్టుకున్నవాళ్ల కోరిక వాడు తీర్చి తీరాలి అని. చిత్రబాహుడు తింటున్న అన్నం వదిలేసి బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. దాన్ని తిరగేశాడు. "ఎక్కు బాబూ, దాటిస్తాను" అంది తాబేలు. మొదటి సముద్రంలో "ఎడమకి పో" అన్నాడు. రెండో సముద్రంలో "తొందరగా పో" అన్నాడు. మూడో సముద్రంలో ఏకంగా దాని మెడ పట్టి తిప్పబోయాడు. తాబేలు బుడుంగున మునిగింది. చిత్రబాహుడు కడుపు నిండా ఉప్పునీళ్లు తాగాడు.

"నమ్మితే కూర్చో, లేకపోతే ఈదుకో" అంది తాబేలు.

మిగతా నాలుగు సముద్రాలూ పళ్లు బిగించుకుని కూర్చున్నాడు.

అవతలి దీవిలో ఒక రాతి అరుగు మీద ఒక అమ్మాయి రెండు చేతులా చిలకని పట్టుకుని ఉంది.

"నా పేరు హేమలేఖ. మా అమ్మ చావుబతుకుల్లో ఉంటే ఇక్కడికొచ్చాను" అంది. "ఇది నా చేతిలో ఉన్నన్నాళ్లూ అమ్మ పోదన్నాడు కరాళుడు. అయిదేళ్లయింది. అమ్మ బతకనూ లేదు, పోనూ లేదు. ఎవరో ఒకరు దీన్ని పట్టుకుని ఉంటేనే వాడికి చావుండదని నాకు తర్వాత తెలిసింది. తెలిసినా వదల్లేకపోతున్నాను."

అప్పుడే కరాళుడు నవ్వుతూ వచ్చాడు. "రాజకుమారా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. నీ ఏరు నీకొస్తుంది."

చిత్రబాహుడు గబుక్కున చెయ్యి వేశాడు. చిలక కంట్లో తన దేశం కనిపించింది. శంఖిని కొత్త ఒడ్డున జనం పాకలు వేసుకున్నారు, నారు పోసుకున్నారు. తండ్రి దోసిలితో నీళ్లు తాగుతున్నాడు. ఇంతలో ఆ నీరు వెనక్కి లాగసాగింది. నారుమడి బీటలిచ్చింది. జనం కుండలు పట్టుకుని ఏటి వెంట పరుగెత్తారు.

చిత్రబాహుడు చటుక్కున చెయ్యి తీసేశాడు.

"పిచ్చివాడా, పట్టుకో! కోటంతా బంగారం చేస్తాను!" అని కరాళుడు అరిచాడు.

హేమలేఖ చిలక కంట్లోకి చూసింది. మంచం మీద అమ్మ పెదవులు కదిలాయి: "ఇక నన్ను పోనీ తల్లీ." హేమలేఖ కళ్లు నిండిపోయాయి. అయిదేళ్లు బిగుసుకున్న వేళ్లు విప్పుదామన్నా రావడం లేదు. ఆ వేళ్లు తనే ఊడదీద్దామని చిత్రబాహుడి చేతులు దురద పెట్టాయి. అరికాళ్లు నిలవలేదు. అయినా వెళ్లి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"నీకు ఎప్పుడు చేతనైతే అప్పుడే. నేనిక్కడే ఉంటాను" అన్నాడు.

పొద్దు నడినెత్తికొచ్చింది. పొద్దు వాలింది. ఒక్కో వేలూ విడింది. చిలక రివ్వున ఎగిరిపోయింది. కరాళుడు నిలుచున్న చోటే బూడిదై రాలాడు.

తాబేలు ఇద్దరినీ ముందు హేమలేఖ ఊరికి చేర్చింది. తల్లి కన్ను మూసి మూడు రోజులైందట, నిద్రలో పోయినట్టు పోయిందట. హేమలేఖ కరువుదీరా ఏడ్చింది. చిత్రబాహుడు పక్కనే ఉన్నాడు.

ఏడాది తిరిగాక శంఖిని కొత్త ఒడ్డున, తాటాకు పందిట్లో వాళ్ల పెళ్లయింది. తర్వాత ఆ ఊరు పెరిగి పట్నమైంది. అరవై ఏళ్లు ఏలారు, బిడ్డల్నీ మనవల్నీ చూశారు. వాళ్ల కడుపు చల్లగా ఉంది, కథ విన్న మీ కడుపూ చల్లగా ఉండాలి.