తొంభై సీసీ ఏకాంబరం

అనగనగా అంటే మరీ తాతల కాలం కాదర్రా, మొన్నమొన్నటి సంగతే. ఒక అడవిలో ఏకాంబరం అని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. గాలివానకి పడిపోయిన చెట్లని పెట్రోలు రంపంతో కోసి దారి తియ్యడం వాడి పని. నిలబడున్న చెట్టు జోలికి ఎవరూ వెళ్ళకూడదని ఆ అడవిలో కట్టుబాటు. పడ్డ చెట్టయితే మాత్రం ఏకాంబరాన్ని పిలవాల్సిందే.

పని బాగానే చేసేవాడు, కాదనను. కానీ వాడికొక పిచ్చి ఉంది. ఏది కనబడినా "ఇది ఎన్ని సీసీ?" అని అడిగేవాడు. సీసీ అంటే ఇంజను పొట్టలో ఎంత చోటుందో చెప్పే లెక్క. పొట్ట పెద్దదైతే బలం ఎక్కువ. బరువూ ఎక్కువే, తాగే పెట్రోలూ ఎక్కువే. ఏకాంబరానికి మొదటి ముక్క ఒక్కటే చెవికెక్కింది. పెళ్ళిచూపులకి వెళ్ళి, "అమ్మాయి గురక ఎన్ని సీసీ అండీ?" అని అడిగాడట. అందుకే ఇంకా పెళ్ళి కాలేదు. నవ్వకండి, పాపం.

ఒకరోజు పొద్దున్నే పెద్ద గాలివాన వచ్చి వెలిసింది. కాసేపటికి ముళ్ళపంది ముత్యాలమ్మ రొప్పుకుంటూ ఏకాంబరం గుహకి పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా! కొండమీది మా బొరియపై చెట్టు పడిపోయింది. ముగ్గురు పిల్లలూ లోపలే ఉండిపోయారు. పక్కన వాగు పొంగుతోంది. ఇంకో వాన పడిందా, నీళ్ళన్నీ బొరియలోకే!"

"ఏడవకు చెల్లెమ్మా, నేనున్నాగా!" అన్నాడు ఏకాంబరం. నిజంగానే వాడికి గుండె కరిగిపోయింది. మంచివాడే మరి. ముత్యాలమ్మని వెంటబెట్టుకుని, రంపాలు అద్దెకిచ్చే ముంగిస మంగాయమ్మ కొట్టుకి పరిగెత్తాడు.

కొట్లో మూడు రంపాలున్నాయి. మూడూ నారింజ రంగువే. ఒకదాని మీద నలభై, ఒకదాని మీద అరవై, ఒకదాని మీద తొంభై అని స్టిక్కర్లున్నాయి.

"అత్తా, తొంభై ఇలా పడెయ్యి!" అన్నాడు ఏకాంబరం.

"ఉండరా అల్లుడూ. చెట్టు ఎంత లావుంది?" అంది మంగాయమ్మ.

"ఎంతుంటే ఏం? తొంభై ఉందిగా!"

"జానెడున్నర..." అని ముత్యాలమ్మ ఏదో చెప్పబోయింది.

"నువ్వుండు చెల్లెమ్మా. ఇవి ఇంజన్ల సంగతులు."

మంగాయమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "జానెడున్నరకి నలభై చాలురా. రాలిన కొమ్మలు కొయ్యడానికి రోజూ ఎవరో ఒకరు పట్టుకెళ్తారు కాబట్టి, తాడు రెండుసార్లు లాగితే స్టార్టవుతుంది. ఆ తొంభై నిన్ననే కొట్లోకి వచ్చిన పాత సరుకు, ఆరు నెల్లుగా ఎవరూ ముట్టుకోలేదు. పాత పెట్రోలు అందులోనే ఉండి పాడైపోయింది. పైగా నువ్వు ఎక్కాల్సింది నిటారు కొండ. కింద నించుని ఎత్తడం వేరు, కొండెక్కుతూ మొయ్యడం వేరు, చేతులు చాపి గాల్లో పట్టుకుని కొయ్యడం వేరు."

"నలభై పట్టుకుని వెళ్తే ఆ అడవిపంది చూసి నవ్వడూ? నా పరువేం కావాలి?" అన్నాడు ఏకాంబరం. తొంభైని భుజాన వేసుకుని బయల్దేరాడు. అడవిపంది ఇంటి ముందు నుంచే వెళ్ళాడు. దగ్గరి దారి అది కాదు, అయినా సరే.

కొండ మొదలైంది. కొంచెం దూరం ఎక్కి ఆగాడు.

"ఏమైందన్నయ్యా?"

"ఏం లేదు. ఇక్కడ్నుంచి చూస్తే అడవి ఎంత బాగుందో కదా!"

ఇంకొంచెం ఎక్కి మళ్ళీ ఆగాడు. "ఇంజను సరిచూసుకోవద్దూ?" అని తాడు లాగాడు. రంపం దగ్గింది. మళ్ళీ లాగాడు. రంపం తుమ్మింది. మూడోసారి లాగితే ఆ మాత్రం కూడా పలకలేదు. "పెద్ద ఇంజన్లు అంతే, తాపీగా లేస్తాయి," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మూడోసారి ఆగినప్పుడు సాకు చెప్పడానికి కూడా ఊపిరి లేదు. ఒక రాతికి ఆనుకుని కూలబడ్డాడు. రంపం ఒళ్ళో ఉంది, నాలుక బయట ఉంది. రెండు నిమిషాల్లో గుర్రు మొదలుపెట్టాడు. ఆ గురక ఎన్ని సీసీయో నాకు తెలీదు.

అప్పుడే ముత్యాలమ్మ ముక్కు మీద టప్పున ఒక చినుకు పడింది. ఆవిడ ఏకాంబరాన్ని కుదిపింది, అరిచింది, ముల్లుతో గుచ్చింది. వాడు దోమ అనుకుని చెయ్యి విదిలించాడు. ఇక లాభం లేదని ఒకే పరుగున కొట్టుకి వెళ్ళి పడింది.

"అత్తా, ఆ నలభై ఇయ్యి! నా చేతులు పొట్టివి, నేను కొయ్యలేను. వాడే కొయ్యాలి. కానీ నలభై అంటే వాడు ముట్టుకోడు. కాదని గంటసేపు వాదిస్తాడు. ఆ గంట మనకి లేదు."

మంగాయమ్మ మీసాల్లో నవ్వుకుంది. "వాడికి కావాల్సింది తొంభయ్యేగా? ఇచ్చేద్దాం." పెట్టెలోంచి తొంభై అని రాసున్న కొత్త స్టిక్కరు తీసి, తుమ్మజిగురు రాసి, నలభై అంకె మీద అతికించింది. తుమ్మజిగురు వానలో కరిగిపోతుందని కంగారులో ఆవిడకి గుర్తు రాలేదట. గుర్తుండే అతికించిందని నా అనుమానం.

ముత్యాలమ్మ ఆ రంపాన్ని వీపున కట్టుకుని కొండెక్కింది. ఏకాంబరం ఒళ్ళోంచి పెద్దదాన్ని జారవిడిచి పొదలో దాచింది, చిన్నదాన్ని పెట్టింది. ఈసారి ముల్లు సరైన చోట గుచ్చింది.

"అమ్మోయ్!" అని లేచాడు ఏకాంబరం. ఎలుగుబంట్లకి చూపు తక్కువ, మీకు తెలుసుగా. వాడికి తొంభై అంకె కనబడింది, అంతే చాలు. రంపం పైకెత్తాడు. ముఖం వెలిగిపోయింది.

"చూశావా చెల్లెమ్మా! మోయగా మోయగా ఎంత తేలికైపోయిందో! ఒళ్ళు అలవాటు పడాలంతే!"

"అవునన్నయ్యా, నడువు!" అంది ముత్యాలమ్మ. నవ్వడానికి ఆవిడకి ప్రాణం ఎక్కడుంది?

బొరియ దగ్గరికి వెళ్ళేసరికి వాన కుండపోత. నీళ్ళు సర్రున లోపలికి పోతున్నాయి. లోపల్నుంచి కీచుమని అరుపులు. ఏకాంబరం తాడు లాగాడు. రెండో లాగుకే రంపం అందుకుంది. బొరియకి ఈవైపు ఒక కోత, ఆవైపు ఒక కోత. మధ్య ముక్కని భుజంతో ఒక్క తోపు తోశాడు. అది దొర్లుకుంటూ వాగులో పడింది.

ఒక పిల్ల బయటికొచ్చింది. రెండో పిల్ల వచ్చింది. మూడోది రాలేదు. ముత్యాలమ్మ పిచ్చిదానిలా బొరియలోకి దూకి, చిన్నదాన్ని నోట కరుచుకుని తెచ్చింది. అది నాలుగుసార్లు తుమ్మి, "ఇంతసేపేంటమ్మా?" అని కోప్పడింది.

అడవిలో వాళ్ళంతా వచ్చి మూగారు. అడవిపంది కూడా వచ్చాడు. మంగాయమ్మ గొడుగేసుకుని మరీ వచ్చింది. ఇక ఏకాంబరాన్ని పట్టుకోగలమా? రంపాన్ని తల మీదికెత్తి, "తొంభై అంటే ఇదర్రా! నలభై పట్టుకొచ్చి ఉంటే ఈ పిల్లలు బతికేవాళ్ళా?" అని అరిచాడు.

వానకి తుమ్మజిగురు కరిగింది. స్టిక్కరు మెల్లగా జారి వాడి ముక్కు మీద అతుక్కుంది. ముందు చిన్న పిల్ల కిసుక్కుమంది. తర్వాత అడవిపంది పొట్ట పట్టుకుని కింద పడి దొర్లాడు. ఏకాంబరం రంపాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు. నలభై! వాడి చెవులు కందిపోయాయి.

"ఎవరు చేశారీ పని?" అని గర్జించాడు.

"నేనే అన్నయ్యా," అంది ముత్యాలమ్మ. "నువ్వు నిద్రపోతున్నావు. వాన మొదలైంది. ఏం చెయ్యమంటావు?"

ఏకాంబరం రంపం కింద పెట్టాడు. చిన్న పిల్ల వైపు చూశాడు. ఒళ్ళంతా బురద. "లోపల నీళ్ళు ఎందాకా వచ్చాయే?" అని మెల్లగా అడిగాడు.

అది పాదం ఎత్తి గొంతు దగ్గర పెట్టి చూపించింది.

వాడికి నవ్వులేవీ వినబడలేదు. ఎంత తప్పు చేశానా అని ఏడుపొచ్చింది. ముక్కు మీద స్టిక్కరుతోనే వానలో కూర్చుని ఏడ్చాడు. చిన్న పిల్ల దగ్గరికొచ్చి, ముక్కు మీది స్టిక్కరు తనే పీకింది.

నెల తిరిగేసరికి మళ్ళీ గాలివాన. ఈసారి వాగు దాటే దారికి అడ్డంగా పెద్ద మద్దిమాను పడింది. అడవిపంది వచ్చి, "నలభై తెస్తున్నావా ఏకాంబరం?" అని ఇకిలించాడు. ఏకాంబరం నేరుగా చెట్టు దగ్గరికి వెళ్ళి, దాని నడుం చుట్టూ ఒక తీగ చుట్టి, సరిగ్గా అక్కడికి తెంపాడు. ఆ తీగ తెచ్చి మంగాయమ్మ ముందు పెట్టాడు.

"అత్తా, ఇదీ చెట్టు. ఏది ఇస్తావో నీ ఇష్టం."

మంగాయమ్మ తీగని మూరలేసి కొలిచి, పొదలోంచి తెప్పించి కొత్త పెట్రోలు పోసి పెట్టిన తొంభైని బల్ల మీదికి లాగింది. "దీనికి ఇదే కావాలి. అడవిపందిని తోడు తీసుకెళ్ళు, చెరో సగం దూరం మొయ్యండి."

ఏకాంబరం రంపాన్ని చూశాడు. దాని మీది అంకెని చూశాడు.

"సరే గానీ అత్తా," అన్నాడు, "ముందు ఆ స్టిక్కరు పీకెయ్యి."

నీతి: పనిముట్టు ఎంత పెద్దదని అడిగే ముందు, చెయ్యాల్సిన పని ఎంతదో వెళ్ళి చూసి రావాలి.