దొరకి కొలిచి వేసిన కంచె

కుక్క కోసం వేసిన కంచెలో కుక్క తప్ప ఇంటిల్లిపాదీ చిక్కుకుపోయారు. జరిగింది అదీ. అందులో తమ తప్పు వెంట్రుకవాసి కూడా లేదని పోలమ్మ ఈనాటికీ అంటుంది.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. పోలమ్మ, మొగుడు గౌరినాయుడు, అత్త సూరమ్మ. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళని ముగ్గురూ ఒప్పుకున్నారు. "చెప్పిన మాటని చెప్పినట్టు వినేది ఈ ఊళ్ళో మేమే. తక్కినవాళ్ళంతా సగం విని సగం ఊహించుకుంటారు" అని పోలమ్మ గొప్పగా చెప్పుకునేది.

ఆమె సంతలో నాలుగు గుమ్మడికాయలిచ్చి ఒక కుక్కని తెచ్చుకుంది. దొర అని పేరు పెట్టుకుంది. బారెడు కాళ్ళు, బండెడు బద్ధకం. గడప అడ్డొస్తే దాటలేక అక్కడే పడుకునేది. అయినా పోలమ్మ తినే అన్నంలో మొదటి ముద్ద దానికే.

పక్కింటి రత్తాలు కోడిపిల్లల దగ్గరికి మాత్రం దొర ఎలాగో నడుచుకుంటూ వెళ్ళేది. మూడో పిల్ల మాయమైన రోజున రత్తాలు చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏమే పోలమ్మా! వచ్చే ఆదివారంలోగా దొడ్డి చుట్టూ కంచె వేసుకో. నీ కుక్క దూకలేనంత ఎత్తుండాలి. దూరడానికి ఒక్క సందు ఉండకూడదు. ఆ తరవాత అది నా దొడ్లో కనబడిందో, సోమవారం సంతలో అమ్మేసి వస్తాను!"

పోలమ్మ దొర మెడ గట్టిగా పట్టుకుంది. "నీ మాట అక్షరం తప్పం, రత్తాలప్పా" అంది.

ముందు ఎత్తు తేలాలి. కర్రకి ఎండుచేప కట్టి దొర ముందు పట్టుకుంది. దొర తల ఎత్తి చూసింది, ఆవులించింది, పడుకుంది.

"దూకుడు సున్నా" అన్నాడు గౌరినాయుడు. "సున్నా కంచె చాలు."

అంతే, దొడ్డి చుట్టూ సున్నంతో గీత గీశాడు. సూరమ్మ గీతని అటూ ఇటూ చూసి, "తిన్నగా వచ్చిందిరా!" అని మురిసిపోయింది. దొర గీత దాటుకుని పోయి నాలుగో కోడిపిల్లని తిన్నది. రత్తాలు లబోదిబోమంది.

"దూకలేదప్పా, నడిచింది" అంది పోలమ్మ. "నువ్వు దూకడం సంగతే చెప్పావు."

"నీ తెలివి తగలెయ్య! అది దూకే రోజు కూడా వస్తుందే!"

పోలమ్మ ఆలోచనలో పడింది. నిజమే. దూకడం రాని కుక్క ఎంత దూకుతుందో ఎలా కొలుస్తారు? ముందు నేర్పాలి. ఇంకేముంది! మంగళవారం చేప మోకాలెత్తులో కట్టారు. బుధవారం నడుమెత్తులో. దొరకి చేప రుచి తెలిసింది, బద్ధకం వదిలింది. శుక్రవారానికి గౌరినాయుడి గడ్డం దాకా ఎగిరి చేప లాక్కుంది.

"చూశావా అత్తా! కొలవకుండా కంచె వేసుంటే ఏమయ్యేది?"

"కొంప మునిగేదే కోడలా" అంది సూరమ్మ.

శనివారం వెదురు దబ్బలు తెచ్చారు. గౌరినాయుడి గడ్డం మీద ఒక అంగుళం వేసి కంచె లేపారు. శుక్రవారం దూకినదానికి అది సరిపోయే ఎత్తే. ఈలోగా శనివారం కూడా దొరకి చేప ఇంకాస్త ఎత్తులో కట్టారని ఎవరికీ గుర్తులేదు.

ఆదివారం సందుల పని మొదలైంది. దబ్బకీ దబ్బకీ మధ్య తాటికమ్మ కుక్కారు. గౌరినాయుడు తలుపు కోసం చోటు వదిలితే పోలమ్మ విరుచుకుపడింది.

"ఏమయ్యా, అది సందు కాదూ?"

అంతే, అదీ మూశారు. తరవాత సూరమ్మ కన్ను ఇంటి పెరటి గుమ్మం మీద పడింది. "అంతకన్నా పెద్ద సందు ఈ ఊళ్ళో ఉందటే?" అంది. దాని మీదా దబ్బలు బిగించారు. చివరి ముడి వేసి ముగ్గురూ దొడ్లో నిలబడి చూసుకున్నారు. చీమ దూరే సందు లేదు.

అప్పుడు పక్కింట్లో చేపల పులుసు వాసన వచ్చింది. దొర రెండడుగులు వెనక్కి వేసి ఒక్క ఎగురు ఎగిరింది.

"పోలమ్మా! నీ కుక్క నా దొడ్లో ఉందే!" కంచె అవతల రత్తాలు కేక.

"ఎలా ఉంటుందప్పా? సందే లేదు!"

"దూకిందే! పొద్దు గూకేలోగా వచ్చి పట్టుకుపో. లేకపోతే రేపు సంతే!"

పోలమ్మకి ఏడుపొచ్చింది. గౌరినాయుడు ముడి విప్పబోయాడు. ఆమె ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"సందు పెడతావా? కుక్క పారిపోదూ?"

"కుక్క బయటే ఉంది కదే!"

"అందుకే! ఆ సందులోంచి లోపలికొచ్చి, మళ్ళీ అందులోంచే పారిపోతుంది."

గౌరినాయుడికి ఈ మాటలో తప్పేమీ కనిపించలేదు. "మరి మనం వెళ్ళేదెలా?"

"నోరులేని జంతువు అయిదు రోజుల్లో నేర్చుకుంది. మనకి దానిపాటి తెలివి లేదా?"

కర్రకి ఎండుచేప కట్టి మొగుడి మోకాలెత్తులో పట్టుకుంది. గౌరినాయుడు వంగి నోటితో అందుకున్నాడు. సూరమ్మ చప్పట్లు కొట్టింది. నడుమెత్తుకి చేప లేపేసరికి దొర ఇవతలకి దూకి, దాన్ని లాక్కుని, మళ్ళీ అవతలకి దూకింది.

తాటికమ్మ తొలగించి చూస్తున్న రత్తాలు నెత్తి కొట్టుకుంది. "దీన్ని సంతకి తోలనులే. ఇది కూడా పోతే ఆ కొంపలో బుద్ధున్నదొక్కటీ మిగలదు" అని, తన పులుసు అన్నంలో ఒక ముద్ద దొరకి పెట్టింది. ముగ్గురికీ మూడు ముద్దలు కంచె మీదనుంచి అందించింది.

పోలమ్మ రత్తాలు తొలగించిన కమ్మని గట్టిగా కుక్కి, అక్కడే నిర్ణయం చేసింది. గౌరినాయుడు దూకేదాకా ఒక్క ముడీ విప్పేది లేదు, దొరకి అందే ఎత్తులో చేప కట్టేదీ లేదు.

మాట తప్పే మనిషి కాదు. ఆ రోజునుంచీ చేప దొడ్లో ఉన్న తాటిచెట్టు సగంలో వేలాడుతోంది, గౌరినాయుడు కింద ఎగురుతున్నాడు.